ఎక్సెలాన్, పెప్కో విలీనం డీసీలో ఎందుకు ఇరుక్కుంది?

2014 ఏప్రిల్ 30న షికాగోకు చెందిన విద్యుత్ కంపెనీ ఎక్సెలాన్, వాషింగ్టన్ డీసీ, చుట్టుపక్కల రాష్ట్రాల్లో కరెంటు పంపిణీ చేసే పెప్కో హోల్డింగ్స్‌ను షేరుకు 27.25 డాలర్ల చొప్పున, మొత్తం 6.8 బిలియన్ డాలర్లకు కొంటానని ప్రకటించింది. దీనికి నియంత్రణ సంస్థల అనుమతి కావాలి. అమెరికా కేంద్ర ఇంధన నియంత్రణ కమిషన్, వర్జీనియా రాష్ట్రం ఆ ఏడాదే సరేనన్నాయి. మరుసటి ఏడు న్యూజెర్సీ, డెలవేర్ ఒప్పుకున్నాయి. మేరీల్యాండ్‌లో 3-2 ఓట్లతో గట్టెక్కింది.

అసలు చిక్కు వాషింగ్టన్ డీసీలో. విలీనం ప్రజలకు మేలని నిరూపించాల్సింది కంపెనీలే. 2015 ఆగస్టులో డీసీ విద్యుత్ నియంత్రణ కమిషన్‌లోని ముగ్గురు కమిషనర్లూ కాదన్నారు. ఎక్సెలాన్‌కు అప్పట్లో సొంత అణు విద్యుత్ కేంద్రాలుండేవి, పెప్కోది కేవలం పంపిణీ. అమ్ముకునే కరెంటు ఉన్న యజమాని ఇళ్లపై సోలార్‌ను ఎందుకు ప్రోత్సహిస్తాడు? నా లెక్కలో అది సబబైన అనుమానమే.

అక్టోబరులో నగర ప్రభుత్వంతో సుమారు 78 మిలియన్ డాలర్ల రాజీ కుదిరింది. 2016 ఫిబ్రవరిలో కమిషన్ దాన్నీ ఒప్పుకోలేదు, కానీ ఈసారి తనే సవరణలు రాసిచ్చింది. పేచీ అందులోని 25.6 మిలియన్ డాలర్ల దగ్గర: రాజీ ప్రకారం అవి ఇళ్ల బిల్లుల భారం తగ్గించడానికే, కమిషనేమో పంపకం తర్వాతి రేట్ల కేసులో, అంటే కరెంటు ధరలు తేల్చే విచారణలో, చూద్దామంది. మేయర్ ఎదురుతిరిగారు. అయినా మార్చి 23న 2-1తో ఆమోదం వచ్చింది. కంపెనీలు ఆ రోజే డీల్ ముగించేశాయి.