మూడుంపావు ఇంచుల మనిషి

పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేసి "అన్నా, బడి గురించి రెండు పేజీలు, ఈ నెలాఖరులోపు" అన్నారు. ఆరో తరగతి నుంచి పది దాకా రెండు పేజీల్లో పట్టదు, నాకు పట్టించాలనీ లేదు. వేపచెట్టు కింది బోరింగు గురించి, సోషల్ సారు స్కూటర్ గురించి, వినాయక చవితికి పోయిన మైకు గురించి రాయగిరి నుంచి వచ్చి చదివిన బ్యాచ్ నాకన్నా బాగా రాస్తుంది. నేను డ్రాయింగ్ సారు గురించి, 1988 చలికాలం గురించే రాస్తాను.

ఆ నవంబరులో, హుస్సేన్‌సాగర్‌లో నిలబెట్టడానికి చెక్కిన రాతి బుద్ధుడు రాయగిరి నుంచి హైదరాబాద్‌కు బయలుదేరాడు. ట్రెయిలర్‌కు 192 చక్రాలని పేపర్లో రాశారు. మన ఊరంతా రోడ్డు మీదనే. భువనగిరి ఏకశిలా కోట గుట్ట కింద పుట్టి పెరిగినవాళ్లం, రాయి మనకు కొత్త కాదు. అయినా అంత పెద్ద రాయి పడుకుని రోడ్డు మీద పోతుంటే ఎవరికీ నోట మాట రాలేదు. మర్నాడు క్లాసులో అందరం ఒకటే గోల. డ్రాయింగ్ సారు డస్టర్‌తో బల్ల మీద కొట్టి, "పెద్దగుంది, పెద్దగుంది అంటున్నరు. ఎంత పెద్దగుందో చూపియ్యుండ్రి" అన్నారు.

నల్లగొండలో జిల్లా సైన్స్ ఫెయిర్‌కు మన బడి తరఫున బుద్ధ విగ్రహం మోడల్ పోయింది ఆ మాట వల్లనే. సైన్స్ ఫెయిర్‌కు బొమ్మ ఏందని సైన్స్ సారు అడిగితే, "కొలత సైన్స్ కాదా సార్?" అన్నారు ఈయన.

ఇరవైకి ఒకటి స్కేలు. అసలు విగ్రహం 58 అడుగులు, మనది 34.8 ఇంచులు. బరువు దగ్గరికొచ్చేసరికి లెక్కల క్లాసు మొదలైంది. సుమారు 350 టన్నుల రాయిని ఇరవయ్యో వంతుకు తగ్గించి, అదే రాయితో చేస్తే ఎంత తూగుతుంది? వెనక బెంచీ నుంచి టక్కున జవాబు: "పదిహేడున్నర టన్నులు సార్!" మరి దాన్ని బస్సు మీద వేసి నల్లగొండకు ఎట్ల తీస్కపోదామని సారు అడిగారు. ఆ రోజు నుంచి వాడి పేరే పదిహేడున్నర. (ఇప్పుడు మనవడిని ఎత్తుకున్నా అదే పేరు.) పొడవు ఇరవయ్యో వంతైతే వెడల్పూ మందమూ కూడా అంతే తగ్గుతాయి కాబట్టి ఇరవైని మూడుసార్లు గుణించి, ఎనిమిది వేలతో భాగించాలని బోర్డు మీద రాశారు. నలభై నాలుగు కిలోలు కూడా రాలేదు. ఒక బియ్యం బస్తాకు తక్కువే. ఘనం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

విగ్రహం పని 1985లో మొదలైంది, రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. చెక్కించింది గణపతి స్థపతి గారు. రాయగిరి బ్యాచ్‌లో కొందరి నాన్నలు రాతి పనివాళ్లే కాబట్టి కొలతలు వాళ్లను అడిగి తెచ్చుకున్నాం. పేపర్లో ఫోటో ఉంది కదా, గళ్లు గీసి పెంచుకుందామంటే సారు ఒప్పుకోలేదు. కింది నుంచి తీసిన ఫోటోలో తల చిన్నగా, పాదాలు పెద్దగా వస్తాయి, దాన్ని నమ్మొద్దన్నారు. తాళమానం, అంటే విగ్రహాల కొలతల పద్ధతి, చెప్పింది అప్పుడే. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు, ఉత్తమ దశతాళ విగ్రహానికి పది తాళాల మీద ఇంకో నాలుగు కలిపి మొత్తం 124 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీది ఇంచు కాదు, ఆ విగ్రహం దేహంలోంచే తీసుకున్న కొలత. అందుకే విగ్రహం గోరంత ఉన్నా కొండంత ఉన్నా పొందిక చెడదు. పదో తరగతి పిల్లలకు ఇవన్నీ చెప్పాలని ఏ సిలబస్‌లోనూ లేదు.

ఎనిమిది ఎం.ఎం. సలాక రెండు కాళ్లకూ వెన్నుకూ. దాని చుట్టూ బైండింగ్ వైరు, కోళ్ల జాలి, ఆ పైన పీఓపీలో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ముంచిన గోనె పీలికలు. "నీళ్లల్ల పొడి చల్లాలె, పొడిల నీళ్లు పొయ్యొద్దు" అని సారు ఎన్నిసార్లు చెప్పారో. గట్టిపడేటప్పుడు పీఓపీ వేడెక్కుతుంది. డిసెంబరు పొద్దున పూట మనమంతా బుద్ధుడి వీపుకు చేతులు ఆనించి కాచుకోవడం గుర్తుందా? అభయహస్తం వేళ్లలో ఉన్నవి సైకిల్ పుల్లలు. వస్త్రం మాత్రం మనం "రెండు జడలు" అని పిలిచే క్లాస్‌మేట్ పనితనం. పల్చటి పాత ధోవతి ముక్కను పీఓపీ నీళ్లలో తడిపి భుజం మీంచి వదిలి, తడి ఆరకముందే మడతలు సర్దింది. "మోకాలు యాడున్నదో గుడ్డనే చెప్పాలె" అని సారు అంటే, ఆమె చిటికెన వేలితో ఒక్కచోట నొక్కింది. మోకాలు కనబడింది. నేను ఆ తర్వాత పెద్ద పెద్ద శిల్పుల దగ్గర పనిచేశాను, అంత సులువుగా మోకాలు తెప్పించిన చేతిని చూడలేదు.

అంతా అయ్యాక సారు అట్ట ముక్క కత్తిరించి ఒక మనిషి బొమ్మ చేశారు. ఐదడుగుల ఐదించుల మనిషి, ఇరవైకి ఒకటి చొప్పున మూడుంపావు ఇంచులు. దాన్ని బుద్ధుడి పాదాల దగ్గర నిలబెట్టారు. అప్పటిదాకా మూడడుగుల బొమ్మగా ఉన్నది ఒక్కసారిగా కొండంత అయింది!

నల్లగొండలో జడ్జీలు వచ్చి పై నుంచి చూసి తలూపి పోబోతుంటే సారు వినయంగా ఆపారు. "సార్, మీరిప్పుడు విమానంల ఉన్నరు. జర కిందికి దిగుండ్రి." జడ్జీల్లో పెద్దాయన వంగి, గడ్డం బల్లకు ఆనించి, అట్టమనిషి కళ్ల ఎత్తు నుంచి పైకి చూశారు. చాలాసేపు లేవలేదు. బహుమతి సంగతి మీకందరికీ తెలిసిందే.

1990 మార్చి 10న పడవ ఒరిగి అసలు విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో పడిపోయినప్పుడు మనం ఇంటర్‌లో ఉన్నాం. పదిమంది చనిపోయారు. ఆ వార్త వినగానే సారు మోడల్ దగ్గరి అట్టమనిషిని తీసి సొరుగులో పెట్టారని జూనియర్లు చెప్పారు. 1992 డిసెంబరులో విగ్రహం సాగర్ మధ్య నిలబడ్డాకే మళ్లీ బయటికి తీశారట.

నా సంగతి కొంత చెప్పాలి. మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో శిల్పం చదివాను. ఇప్పుడు నాచారంలో వర్క్‌షాపు ఉంది, పదిహేను మంది పనిచేస్తారు. పార్కుల్లో, చౌరస్తాల్లో పెట్టే విగ్రహాలకు ముందు మోడల్ చేసేది మేమే. త్రీడీ ప్రింటర్లు వచ్చాయి గానీ చీలమండల లెక్క మారలేదు. పొడవు ఇరవై రెట్లు పెంచితే బరువు ఎనిమిది వేల రెట్లు పెరుగుతుంది, దాన్ని మోసే చీలమండ అడ్డుకోత మాత్రం నాలుగు వందల రెట్లే. అంటే ప్రతి చదరపు ఇంచు మీద ఇరవై రెట్ల భారం. నిలువు రాతి విగ్రహాల్లో వస్త్రం అంచును కాళ్ల వెనక దాకా దింపి ఆసరా చేసేది అందుకే. మోడల్ నిలబడిందని అసలుది నిలబడుతుందనుకోవద్దని ఆఫీసర్లకు ఇప్పటికీ చెబుతుంటాను. నా ప్రతి మోడల్ పక్కనా మనిషి బొమ్మ ఉంటుంది. చూడొచ్చిన వాళ్లను, మంత్రులైనా సరే, వంగి చూడమంటాను. మా అమ్మాయి ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం, తన మోడళ్లలో కూడా మనుషులను తనే కత్తిరించుకుంటుంది.

మొన్న బడికి వెళ్లినప్పుడు చూశాను. మోడల్ పెద్ద సారు గదిలో బీరువా మీద ఉంది. ఎడమ మడమ దగ్గర పగిలింది. చెమ్మ దిగి లోపలి సలాక తుప్పు పట్టింది, తుప్పు ఉబ్బి పీఓపీని విడగొట్టింది. ఆ భాగం విప్పి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి మళ్లీ పూయాలి. రెండు రోజుల పని. సమ్మేళనానికి ముందే వచ్చి చేస్తాను, సామాను నేనే తెస్తాను. అందాకా దయచేసి ఎవరూ పెయింట్ వేయించొద్దు. రెండు జడలు కూడా ఒక రోజు ముందు రాగలిగితే మడమ దగ్గరి మడత ఆమెతోనే వేయిస్తాను.

ఇంకొకటి. టెంట్ హౌస్ బల్లలు రెండున్నర అడుగులే ఉంటాయి. మోడల్ కింద బల్ల మీద బల్ల వేసి తాళ్లతో గట్టిగా కట్టించాలి, అప్పుడే పాదాలు చూసేవాళ్ల గడ్డం ఎత్తుకు వస్తాయి. పిల్లలకు పక్కన ఒక స్టూలు. పదిహేడున్నరా, ఆ బాధ్యత నీదే.