తివాచీని ఒకసారి తిరగేసి చూడండి

తివాచీ మీద టీ ఒలికిందంటే ఇంట్లో అందరూ గుడ్డలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. అదే తివాచీ అడుగున ఆర్నెల్లుగా ఇసుక పేరుకుంటున్నా, సోఫా కింది చీకట్లో పురుగు ఉన్ని తింటున్నా ఎవరికీ పట్టదు. మరక కంటికి కనిపిస్తుంది కాబట్టి దానికి భయపడతాం. తివాచీ ఆయుష్షును నిజంగా తగ్గించేవి మాత్రం పైనుంచి కనిపించవు. అందుకే ఏ జాగ్రత్తయినా దాన్ని తిరగేయడంతోనే మొదలవ్వాలి.

(షాపుల్లో దీన్నే రగ్గు అంటున్నారు. మనకు రగ్గంటే కప్పుకునేది. గందరగోళం లేకుండా ఇక్కడ తివాచీ అనే అంటాను.)

వెనకవైపు చూస్తే ముందుగా అది ఏ రకమో తెలుస్తుంది. పైనున్న డిజైను వెనక కూడా స్పష్టంగా, ముడిముడిగా కనిపించి, కుచ్చులు లోపలి పడుగు (నిలువు) దారాలకే కొనసాగింపుగా ఉంటే అది చేత్తో ముడులు వేసిన తివాచీ. కుచ్చులు విడిగా కుట్టి ఉండి, వెనక అల్లిక అంతా గీత గీసినట్టు ఒకే తీరుగా ఉంటే మిషన్ మీద నేసినది. వెనక డిజైనే కనపడకుండా ఒక గుడ్డ అతికించి ఉంటే అది టఫ్టెడ్. ఇందులో నూగును (పైన లేచి ఉండే మెత్తటి పోగులను) పట్టి ఉంచేది ముడి కాదు, లేటెక్స్ జిగురు. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పొడిగా రాలుతుంది. కింద తెల్లటి పొడి కనిపిస్తే అది దుమ్ము కాదు, ఈ జిగురే.

ఏ దారమో తేలకపోతే వెనకనుంచి రెండు మూడు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద వెలిగించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అయితే ఉన్ని లేదా పట్టు. కాగితం కాలిన వాసన వస్తే నూలు, జనపనార లేదా విస్కోస్ (చెక్క గుజ్జుతో చేసే దారం). కరిగి గట్టి పూసలా తయారైతే సింథటిక్. విస్కోస్‌ను 'ఆర్ట్ సిల్క్', 'బ్యాంబూ సిల్క్' అని అమ్ముతుంటారు. పేరులో ఉన్న సిల్కును నమ్మి దాన్ని పట్టులా చూసుకుంటే మొదటి చుక్క నీటికే అసలు సంగతి బయటపడుతుంది.

ఇక ఇసుక సంగతి. చెప్పులతో, కాళ్లతో వచ్చిన ఇసుక రేణువులు నూగు మొదట్లోకి దిగిపోతాయి. పైన దులిపితే రావు. మనం నడిచిన ప్రతిసారీ అవి దారాన్ని మొదట్లో కోస్తుంటాయి. తివాచీ 'అరిగిపోయింది' అంటుంటాం గానీ చాలాసార్లు జరిగేది ఈ కోతే. ఎంత పేరుకుందో తెలుసుకోవాలంటే ఒక మూల మడిచి, కింద తెల్ల కాగితం పెట్టి, వెనకవైపున అరచేత్తో పదిసార్లు తట్టండి. కాగితం మీద ఇసుక రాలితే పైపైన చేసిన శుభ్రం సరిపోలేదన్నమాట.

దాన్ని దించడానికి తివాచీని నున్నటి నేల మీద బోర్లా పరిచి, వెనకవైపు వాక్యూమ్‌తో నెమ్మదిగా లాగండి. ముడుల తివాచీకి, మిషన్ నేతకు వెనకవైపు తిరిగే బ్రష్ వాడొచ్చు, ఆ అదురుకే ఇసుక కిందికి రాలుతుంది. తర్వాత తివాచీ ఎత్తి, నేల ఊడ్చి, మళ్లీ బోర్లా పరిచి ఇంకోసారి. నేల మీద ఇసుక పడనంతవరకూ ఇదే వరస. రెండు మూడు నెలలకోసారి చేస్తే చాలు. టఫ్టెడ్ రకానికి మాత్రం వెనక బ్రష్ వద్దు, ఎండిన జిగురు ఊడి వస్తుంది.

పైవైపున వారానికి ఒకటి రెండుసార్లు, బ్రష్ ఆపేసి, గాలి పీల్చడం మీదే వదిలేయండి. ఈ కుచ్చు నుంచి ఆ కుచ్చు వరకు అరచేయి నిమిరితే ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుగ్గా తగులుతుంది. నున్నగా తగిలే వైపే వాక్యూమ్ నడపాలి. కుచ్చుల దగ్గర బ్రష్ పెడితే చుట్టుకుని తెంపేస్తుంది. రోబో వాక్యూమ్‌లు కూడా ఇంతే, అది తిరిగే వేళకు కుచ్చులు కిందికి మడిచిపెట్టండి. రెండు మూలలు పట్టుకుని జాడించడం, గోడ మీద వేసి కర్రతో బాదడం వద్దు. జాడిస్తే చివరి వరసల ముడులు వదులవుతాయి, బాదితే పాత పడుగు తెగుతుంది.

అడుగున వేసే ప్యాడ్ జారకుండా ఉండటానికేనని అనుకుంటారు. అంతకన్నా పెద్ద పని, అడుగు పడినప్పుడు ఆ దెబ్బను తాను తీసుకోవడం. ఫెల్ట్‌కు (పీచును ఒత్తి చేసిన దళసరి గుడ్డకు) సహజ రబ్బరు అతికించిన ప్యాడ్, ఆరు మిల్లీమీటర్ల మందం అయితే బాగుంటుంది. తలుపు తగిలే చోట మూడు చాలు. తివాచీ కన్నా నాలుగువైపులా అంగుళం తక్కువగా కత్తిరించండి. అంచుదాకా ఉంటే అంచు లేచి కాలికి తగులుతుంది. చవకగా దొరికే జల్లెడలాంటి పీవీసీ ప్యాడ్లతో చిక్కేమిటంటే, అందులోని మెత్తదనపు రసాయనం నేల పాలిష్‌లోకి దిగి మరక పడుతుంది. వినైల్ నేలకైతే రబ్బరు కూడా మరక పెడుతుంది. అక్కడ వినైల్‌కు పనికొస్తుందని రాసి ఉన్నదే కొనాలి. రెండువైపులా అంటుకునే టేపు గురించి చెప్పడానికేం లేదు, వాడకండి.

తేమ విషయంలో రోజూ జరిగే తప్పు నేల తుడిచేటప్పుడే. తడిగుడ్డ అంచుదాకా వస్తుంది, నీళ్లు కిందికి జారతాయి, పైన పొడిగానే ఉంటుంది. అంచులు వెనక్కి మడిచి తుడిచి, నేల పూర్తిగా ఆరాకే మళ్లీ పరవండి. ఇంతకన్నా ప్రమాదం పూలకుండీ. కింద పళ్లెం ఉన్నా సరే, కుండీ తివాచీ మీద పెట్టొద్దు. పళ్లెం కింద చేరే చెమ్మ ఎప్పటికీ ఆరదు, నూలు పడుగు లోపల్లోపలే కుళ్లుతుంది. పైన ఉన్ని బాగానే కనిపిస్తుంది. ఏదో ఒకరోజు ఎత్తి మడిచినప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు టపటపమని తెగుతుంది. దానికి రిపేరంటే ఆ ముక్క మొత్తం మళ్లీ నేయడమే.

ఏదైనా ఒలికినప్పుడు రుద్దకండి. రుద్దితే దారం పురి విప్పుకుని అక్కడ ఎప్పటికీ రేగినట్టే ఉంటుంది. గట్టిగా ఉన్నది చెంచాతో ఎత్తేసి, తెల్లటి నూలుగుడ్డ మడిచి, మరక అంచునుంచి మధ్యకు అద్దుతూ రండి. గుడ్డ మీద నిలబడితే ఇంకా బాగా పీలుస్తుంది. నీళ్లు వాడేముందు రంగు దిగుతుందేమో చూడండి: తడిపి పిండిన తెల్లగుడ్డను ఒక మూల నిమిషంపాటు నొక్కిపెట్టాలి. రంగు అంటిందా, పొడి గుడ్డతో అద్దడం వరకే మీ పని. అంటకపోతే పావులీటరు చల్లటి నీళ్లలో అర టీస్పూన్ ఉన్ని బట్టల లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి పిండి అద్దండి. తర్వాత ఉత్త నీటి గుడ్డతో రెండు మూడుసార్లు. సబ్బు మిగిలితే అక్కడే మళ్లీ మురికి పట్టి, మరక తిరిగొచ్చిందని అనుకుంటారు. చివరికి కింద ఏదైనా పెట్టి ఆ భాగాన్ని ఎత్తుగా ఉంచి, పైనా కిందా ఫ్యాను గాలి తగిలేలా ఆరబెట్టండి. ఒక్కరోజులో ఆరకపోతే వాసన మొదలవుతుంది.

ఉన్ని ప్రొటీన్. అందుకే క్లోరిన్ బ్లీచ్ దాన్ని కరిగించేస్తుంది, మరకలు తినే ఎంజైమ్ డిటర్జెంట్లలోని ప్రొటియేజ్ (ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) మరకతోపాటు ఉన్నినీ కొరుకుతుంది. వేడినీళ్లు రంగు దించుతాయి. బేకింగ్ సోడా చల్లమని చెప్పేవాళ్లు ఎక్కువే గానీ, ఆ పొడి నూగు మొదట్లో మిగిలి వాక్యూమ్‌కు పూర్తిగా రాదు. విస్కోస్, జనపనారలకు ఉత్త నీళ్లు పడ్డా పసుపో గోధుమో రంగు వలయం వస్తుంది. వాటిని పొడిగా అద్ది, ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వడం మేలు. కుక్కో పిల్లో మూత్రం పోసిందంటే అదే గంటలో కడగాలి. ఆలస్యమైతే అది క్షారంగా మారి రంగునే మార్చేస్తుంది, అలా మారిన రంగు తిరిగి రాదు. ప్యాడ్ కూడా తీసి చూడండి, సగం అక్కడికే చేరి ఉంటుంది.

పురుగు సంగతి ముఖ్యంగా ఉన్ని తివాచీ ఉన్నవాళ్లకు. గదిలో ఎగిరే చిన్న బంగారు రంగు చిమ్మట ఉన్ని తినదు, తినేది దాని పిల్లపురుగు. దానికి వెలుతురు, అలికిడి గిట్టవు. అందుకే బరువైన సోఫా కింద, మంచం కింద కాపురం పెడుతుంది. నూగు పోయి నూలు అల్లిక మాత్రం మిగిలిన బట్టతల మచ్చలు, సాలెగూడులాంటి సన్నటి గొట్టాలు, ఉన్ని రంగులోనే ఉండే ఇసుకలాంటి రెట్ట కనిపిస్తే వచ్చేసినట్టే. రెండువైపులా వాక్యూమ్ చేసి, ఆ సంచిని వెంటనే బయట పారేయండి. చిన్న తివాచీ అయితే ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి బిగించి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచొచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది. గదిలో అక్కడక్కడ కలరా ఉండలు పడేస్తే పురుగు చావదు, ఆ వాసన మనకే చేటు. అవి మూసిన పెట్టెలో తప్ప పనిచేయవు. నెలకోసారి సోఫా జరిపి అక్కడ వాక్యూమ్ చేయడానికి మించిన మందు లేదు.

ఎండకు రంగు వెలవడం ఆగదు, సమంగా వెలిసేలా మాత్రం చేయగలం. ఆర్నెల్లకోసారి తివాచీని, ఈ చివర ఆ చివరకు వచ్చేలా, తిప్పి వేయండి. బరువైన సామాను కాళ్ల కింద వెడల్పాటి కప్పులు పెట్టండి.

అంచులు చూసుకోవడం చాలామంది మర్చిపోతారు. లూపుల రకంలో (పోగులు కత్తిరించకుండా ఉంగరాల్లా వదిలినది) ఒక పోగు లేస్తే లాగకండి, కత్తెరతో సమానంగా కత్తిరించండి. ముడుల తివాచీ కుచ్చులు మాసిపోయాయని కోసేయడం మాత్రం పెద్ద పొరపాటు. అవి అలంకారం కాదు, ముడులను ఆపుతున్న పడుగు చివరలు. అవి పోతే పేక (అడ్డ దారం) జారి, ఒక్కో వరసా ఊడుతూ వస్తుంది. మొదటి వరస వదులైనప్పుడే గట్టి నూలుదారంతో, సూదితో చుట్టుకుట్టు వేస్తే అక్కడితో ఆగుతుంది.

కొన్నాళ్లు దాచాలంటే శుభ్రం చేసి, బాగా ఆరనిచ్చి, కుచ్చు నుంచి కుచ్చుకు చుట్టండి. మడవకండి. తివాచీ వెడల్పుకన్నా కొంచెం పొడవు, నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న అట్టగొట్టం మీద, నూగు బయటికి వచ్చేలా చుడితే నూగు నలగదు. పైన ఉతికిన నూలు దుప్పటి చుట్టి, సన్నటి తాడు కాకుండా వెడల్పాటి గుడ్డపట్టీలతో కట్టండి. ప్లాస్టిక్‌లో చుడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. నేల మీద కాకుండా ఎత్తున పడుకోబెట్టి, మూడు నెలలకోసారి విప్పి రెండువైపులా చూడండి. చుట్ట చివర ఒక చీటీ కట్టి, చివరిసారి విప్పిన తేదీ దాని మీద రాయండి.