మామిడి అంట్లు కట్టడంలో శిక్షణ: నా అనుభవం

మామిడి అంటు బతుకుతుందా లేదా అన్నది కత్తి పట్టిన రోజు తేలదు. అంతకు వారం పది రోజుల ముందు, తల్లి చెట్టు మీద పుల్లని ఎంచుకున్నప్పుడే సగం తేలిపోతుంది. శిక్షణలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన సంగతి ఇదే. నర్సరీల్లో కూలికి వెళ్ళేవాళ్ళకీ, తోటలో చచ్చిన మొక్కల స్థానంలో సొంతంగా అంట్లు కట్టి పెట్టుకుందామనుకునే రైతులకీ ఇది ముందే తెలిస్తే, శిక్షణలో ఉండే రోజుల్ని ఇంకా బాగా వాడుకుంటారు.

ముందు చేరడం గురించి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఇలాంటి శిక్షణ ముఖ్యంగా రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి గ్రామీణ యువత నైపుణ్య శిక్షణ. అక్కడ అందరూ ఎస్టీఆర్‌వై అంటారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ, రాష్ట్ర స్థాయిలో వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ సమేతి ద్వారా దీన్ని నడిపిస్తుంది. 7 రోజులు ఉంటుంది. రెండోది అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పాఠ్యక్రమం ప్రకారం నడిచే 200 గంటల కోర్సు. దీని చివర బయటి నుంచి పరీక్షకుడు వచ్చి చేతిపని చూసి మార్కులు వేస్తాడు. ఏ కేంద్రంలో ఏ ఏడాది ఏది ఉంటుందన్నది మారుతుంటుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే వెళ్ళి ఉద్యాన విభాగం శాస్త్రవేత్తని కలిసి పేరు రాయించుకోవడం మంచిది. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, కోర్సు ఏ నెలలో అని. మన దగ్గర టెంక అంటుకి, అంటే టెంక నుంచి అప్పుడే మొలిచిన నారు మీద పుల్లని అతికించే పద్ధతికి, జూలై, ఆగస్టు నెలలే అసలు అదను. గాలిలో తేమ ఉంటుంది, నారు లేతగా ఉంటుంది. చలికాలంలో పెట్టిన బ్యాచ్‌లో చేరితే స్లైడ్లు చూసి, ఎండు కొమ్మలు చెక్కి రావాల్సిందే. అలాంటప్పుడు ఒక ఏడాది ఆగడమే నయమని నా అభిప్రాయం.

కాగితాల విషయానికొస్తే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్, ఫొటోలు, చదువుకున్నవాళ్ళైతే స్కూలు సర్టిఫికెట్ తీసుకెళ్ళాలి. ఆధార్‌కి లింకైన ఫోన్ దగ్గరుండాలి, నమోదు చేసేటప్పుడు ఓటీపీ దానికే వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉన్నవాళ్ళ సర్టిఫికెట్లు ఆగిపోవడం మామూలే. చేరకముందే మీ సేవలోనో సచివాలయంలోనో సరిచేయించుకోండి.

ఇక అసలు పని. మొదట టెంకలు. మామిడి టెంకకి మొలకెత్తే శక్తి ఎక్కువ కాలం ఉండదు. పండు తిన్న నాలుగైదు వారాల్లో నాటకపోతే వృథా. గుజ్జు ఫ్యాక్టరీల నుంచి కలెక్టర్ (తోతాపురి) కాయ టెంకలు లారీల లెక్కన నర్సరీలకు వస్తాయి. వాటిని గుట్టగా పోసి వదిలేస్తే లోపల వేడెక్కి మొలక చచ్చిపోతుంది. రాగానే కడిగి, నీళ్ళలో వేసి, తేలినవి ఏరి పారేయాలి. టెంక పురుగు తిన్నవి కూడా చాలావరకు ఇక్కడే బయటపడతాయి. పైపెంకు జాగ్రత్తగా చీల్చి లోపలి పప్పు నాటితే మొలక త్వరగా, ఒకేసారి వస్తుంది. పెంకుతోనే నాటినా ఫరవాలేదు గానీ ఉబ్బుగా ఉన్న అంచు పైకి ఉండేలా ఇసుక మడిలో పెట్టాలి. తలకిందులుగా పెడితే మొలక వంకర తిరిగి కాండం కొంకిలా వస్తుంది. అలాంటి నారు మీద అంటు కట్టడానికి నిటారు జాగానే దొరకదు.

మొలిచాక 8 నుంచి 15 రోజుల మధ్య, ఆకులు ఇంకా రాగి రంగులో ఉండగానే అంటు కట్టాలి. ఆకు పచ్చబడిందంటే కాండం గట్టిపడిందని అర్థం, చీలిక శుభ్రంగా రాదు. ఆ నారుని పారేయక్కర్లేదు. సంచిలో పెంచుకుని, వచ్చే ఏడాది లేత చివురు వేసినప్పుడు దాని మీద లేత కొమ్మ అంటు కట్టుకోవచ్చు.

పుల్ల దగ్గర మాత్రం నిదానించాలి. సయాన్ పుల్ల, అంటే నారు మీద అతికించే కొమ్మ ముక్క కోసం కొన్నేళ్ళుగా నిలకడగా కాస్తున్న చెట్టునే ఎంచుకోవాలి. కాపులో ఉండగా చూసి గుర్తు పెట్టుకున్న చెట్టైతే మరీ మంచిది. బంగినపల్లి అని చెప్పి ఇంకేదో కట్టి అమ్మితే, కొన్న రైతుకి ఆ మోసం నాలుగైదేళ్ళకి గానీ తెలియదు. అప్పటికి అతని నేల, నీళ్ళు, ఎరువు అన్నీ పోయినట్టే. ఆ చెట్టు మీద కూడా ఎండ తగిలే వైపున, 3, 4 నెలల వయసున్న, పూత రాని చివరి కొమ్మ కావాలి. పెన్సిల్ మందం, లేదా నారు కాండం ఎంత లావుంటే అంత. నీడలో సాగిన పుల్లలు పొడుగ్గా, మెత్తగా కనిపించి ఆశపెడతాయి, వాటిలో సత్తువ ఉండదు.

ఎంచుకున్న కొమ్మని అప్పుడే కోయకూడదు. చెట్టు మీదే ఉంచి, ఆకుల్ని తొడిమ ఒక సెంటీమీటరు మిగిలేలా కత్తిరించి, 7 నుంచి 10 రోజులు వదిలేయాలి. ఆకులు లేకపోవడంతో కొమ్మలోని బలం చివరి మొగ్గకి చేరి అది ఉబ్బుతుంది. రోజూ వెళ్ళి చూడాలి. మిగిల్చిన తొడిమని వేలితో తాకితే దానంతటదే రాలిపోవాలి, కొనమొగ్గ బొద్దుగా ఉండాలి కానీ విచ్చుకోకూడదు. అదే కోసే సమయం. రెండు రోజులు ముందైతే మొగ్గ నిద్రలోనే ఉండి, పుల్ల అతుక్కునేలోపే ఎండిపోతుంది. రెండు రోజులు ఆలస్యమైతే మొగ్గ విచ్చుకుని, అతుకు పడకముందే ఉన్న బలమంతా చివురుకి ఖర్చు చేసేస్తుంది. శిక్షణ కేంద్రాల్లో చాలాచోట్ల పుల్లలు అప్పటికే సిద్ధం చేసి బల్ల మీద పెడతారు, సమయం కలిసి రావడానికి. దాంతో ఈ ముఖ్యమైన పని మన చేతికి రాకుండా పోతుంది. మొదటి రోజే సార్‌ని అడిగి, తల్లి చెట్టు దగ్గరికి వెళ్ళి కొన్ని కొమ్మలకి మీరే ఆకులు తుంచి రండి. 7 రోజుల కోర్సు అయినా చివరి రోజుకి ఆ మొగ్గల్లో తేడా కళ్ళకి కనిపిస్తుంది.

కోత ఉదయం పూట, ఎండెక్కకముందు. పుల్లలు 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటే చాలు. తడి గోనె గుడ్డలో చుట్టి, పైన పాలిథిన్ కప్పి నీడలో ఉంచాలి. దూరం నుంచి తేవాలంటే ఇలా రెండు మూడు రోజులు నిలుస్తాయి గానీ, కోసిన రోజే కట్టినవాటికి సాటి రావు. రకం పేరు రాసిన చీటీ కట్టలోపల ఒకటి, బయట ఒకటి పెట్టాలి.

కత్తి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకవైపే పదును ఉండే అంటు కత్తి కావాలి. కూరగాయల కత్తీ, షేవింగ్ బ్లేడూ పనికిరావు. బ్లేడు పుల్ల మీద వంగుతుంది, కోసిన ముఖం అలలు అలలుగా వస్తుంది. సానరాయి మీద నూనో నీళ్ళో వేసి, పదునున్న వైపు రాయికి పూర్తిగా ఆనించి ఒకే దిశలో నూరాలి, రెండో వైపు ఊరికే ఒకసారి రాసి అంచున మిగిలిన గరుకు తీసేయాలి. కాగితం అంచు మీద పెడితే చిరగకుండా తెగిపోవాలి. మామిడి కోస్తుంటే కత్తికి సొన అంటుకుని జిగురు కడుతుంది. ఆ జిగురు మీదే మళ్ళీ కోస్తే కోత నల్లబడుతుంది. పక్కన స్పిరిట్‌లో తడిపిన గుడ్డ పెట్టుకుని నాలుగైదు అంట్లకోసారి తుడవాలి. సొన చర్మం మీద పడితే కొందరికి బొబ్బలొస్తాయి, ముఖానికి చెయ్యి తగలనివ్వకండి.

మొదటి రెండు రోజులు మామిడి జోలికి వెళ్ళకుండా పనికిరాని కొమ్మల మీద కోత ఒక్కటే చేయిస్తే ఆ కేంద్రంలో శిక్షణ బాగున్నట్టు లెక్క. పుల్ల కిందివైపు రెండు పక్కలా ఏటవాలుగా, 4 సెంటీమీటర్ల పొడవున చెక్కాలి. ఒక్కో ముఖం ఒకే లాగుడులో రావాలి. మణికట్టు బిగించి, మోచేతిని వెనక్కి లాగితే కోత నునుపుగా వస్తుంది. మణికట్టు తిప్పితే మధ్యలో గుంట పడుతుంది. చెక్కిన ముఖాన్ని వెలుతురుకి ఎదురుగా కత్తి అంచుకి ఆనించి చూడండి. సందులోంచి వెలుతురు కనబడితే చీలికలో కూడా అక్కడ ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోనే కుళ్ళు మొదలవుతుంది.

నారుని ఇసుక మడి నుంచి టెంకతో సహా పీకి, వేళ్ళు కడిగి, లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ అనే బూజు తెగుళ్ళ మందు కలిపిన ద్రావణంలో 5 నిమిషాలు ముంచాలి. పుల్లలకీ ఇదే. టెంక ఊడితే ఆ నారు పక్కన పెట్టేయాలి, మొక్కకి తొలి రోజుల తిండి దానిలోనే ఉంది. టెంకకి 5, 6 సెంటీమీటర్ల పైన కాండం అడ్డంగా కోసి, మధ్యలో 4 సెంటీమీటర్ల లోతున నిలువుగా చీల్చి, పుల్లని దించాలి. రెండిటి మందం ఒకటైతే ఇబ్బంది లేదు. తేడా ఉంటే మధ్యలో పెట్టకూడదు, ఒక పక్కకి జరిపి, అక్కడ బెరడు కింది పచ్చ పొరలు రెండూ కలిసేలా చూడాలి. అతికేది ఆ పొరే.

కట్టడానికి ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పున్న 200 గేజి పాలిథిన్ పట్టీ చాలు. కింది నుంచి పైకి, పెంకుటింటికి పెంకులు పరిచినట్టు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా చుట్టాలి. అప్పుడు పైన పడ్డ నీరు లోపలికి దిగదు. బిగువు తగ్గితే పుల్ల కదులుతుంది, మరీ లాగితే లేత కాండం నలుగుతుంది. తర్వాత పిల్లలు తినే గొట్టం ఐసుకి వాడే సన్నటి పాలిథిన్ కవరుని పుల్ల మీద తొడిగి కింద కట్టేయాలి. లోపల తేమ నిలుస్తుంది.

సంచిలో ఎర్రమట్టి 2 పాళ్ళు, ఇసుక 1, బాగా చివికిన పశువుల ఎరువు 1. చివకని పేడ వేస్తే వేడికి మొదలు కుళ్ళుతుంది. అతుకు మట్టికి పైనే ఉండాలి. 50 శాతం షేడ్‌నెట్ కింద పెట్టి, నీళ్ళు మట్టికే పోయాలి. 15, 20 రోజుల్లో చివురు వస్తుంది. చివురు కనబడగానే ఎండ తగ్గిన సాయంత్రం పూట కవరు తీసేయాలి. అతుకు కింద నుంచి వచ్చే మొలకల్ని ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే నాటు మొక్క పైకి లేచి అంటుని చంపేస్తుంది. రెండు మూడు నెలలకి పట్టీ విప్పడం మరిచిపోతే అది కాండంలోకి కోసుకుపోయి, గాలికి అక్కడే విరుగుతుంది.

చచ్చిన అంట్లని పారేయకుండా విప్పి చూడడం శిక్షణలో అన్నిటికంటే విలువైన గంట. పుల్ల వారంలోపే ముడతలు పడి ఎండితే పుల్ల సిద్ధం కాకముందే కోశారు, లేదా కవరు సరిగ్గా కట్టలేదు. అతుకు దగ్గర నుంచి నల్లబడుతూ పైకి పాకితే కత్తి శుభ్రం లేదు, లేదా లోపలికి నీరు దిగింది. చివురు పచ్చగా వచ్చి మూడు వారాలకి వాడిపోయిందంటే అసలు అతుకే పడలేదు, పుల్లలో దాచుకున్న బలంతోనే చివురేసింది. విప్పితే రెండు ముఖాలూ పొడిగా విడివిడిగా వస్తాయి. అందుకే చివురు రాగానే లెక్క రాసుకోకూడదు, ఆకు ముదిరాక రాసుకోవాలి. కోర్సు అయిపోయి ఇంటికి వచ్చేశాక చచ్చినవి ఎవరూ చూపించరు కాబట్టి, మీరు కట్టినవాటికి మీ పేరుతో చీటీ కట్టి, నెల తర్వాత కేంద్రానికి వెళ్ళి చూసి రండి.

200 గంటల కోర్సు పరీక్షలో రాత భాగం, చేతిపని, నోటి ప్రశ్నలు ఉంటాయి. చేతిపనిలో వేగం కంటే శుభ్రతని చూస్తారు. కత్తి తుడిచారా, పుల్లని నేల మీద పెట్టారా, కత్తిని ఒంటికి దూరంగా పట్టారా అని గమనిస్తారు. నోటి ప్రశ్నలు ‘ఎందుకు’తో మొదలవుతాయి: ఆకులు ముందే ఎందుకు తుంచారు, తేలిన టెంక ఎందుకు వద్దు అని. పని తెలిసిన అక్కలు చాలామంది ఇక్కడే తడబడతారు. చేస్తూ చేస్తూ పైకి చెప్పుకుంటూ ఉంటే ఆ ఇబ్బంది పోతుంది.

సర్టిఫికెట్ ఉంటే నర్సరీల్లో కూలి మాట్లాడుకునేటప్పుడు, బ్యాంకులో అప్పు అడిగేటప్పుడు పనికొస్తుంది. కానీ అంట్లు అమ్మాలంటే అది చాలదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఉద్యాన శాఖ దగ్గర నర్సరీని నమోదు చేయించాలి. తల్లి చెట్లు ఎక్కడివి, ఏ రకం, ఎన్ని అంట్లు కట్టారు, ఎవరికి అమ్మారు అన్న రిజిస్టరు మొదటి రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది అదే, మొక్క కొన్న రైతు రేపు నిలదీసినా మీ దగ్గర జవాబు ఉంటుంది.