బెజవాడ చలికి కప్ప ట్యాంకు: ఎంత వేడి, ఎంత తేమ

డిసెంబరు వచ్చేసరికి ప్యాక్‌మన్ కప్పలు (మట్టిలో దిగి కూర్చునే గుండ్రటి పెంపుడు కప్పలు) పెంచేవాళ్లంతా హీటర్ల వేటలో పడతారు. ఆన్‌లైన్‌లో దొరికే సలహాలు చాలావరకు మంచు కురిసే దేశాల వాళ్లవి. విజయవాడ, గుంటూరుల్లో జనవరి తెల్లవారుజామున బయట 17, 18 డిగ్రీలుంటుంది. కాంక్రీటు ఇంట్లో, కిటికీలు మూసిన గదిలో 21, 22కి దిగితే ఎక్కువ. మధ్యాహ్నానికి మళ్లీ 28, 29. అంటే మన కప్పకు రాత్రి నుంచి పొద్దున పది దాకా మూడు నాలుగు డిగ్రీల ఆసరా ఇస్తే చాలు. అంతకు మించి వేడి పెట్టామంటే ట్యాంకులో గాలి ఎండిపోతుంది, కప్ప పొట్ట కాలుతుంది. మన ఊళ్లో చలికన్నా హీటరుతోనే కప్పకు ముప్పు ఎక్కువని నా గట్టి నమ్మకం.

అందుకే కొనేముందు కొలవండి. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటరు తెచ్చి, ట్యాంకు ఉన్న చోటే మూడు రాత్రులు ఉంచండి. ఒకే ఇంట్లో గదికీ గదికీ తేడా ఉంటుంది. పగలంతా ఎండ తాగిన స్లాబు కింద గది రాత్రి మెల్లగా చల్లబడుతుంది. రేకుల గది మాత్రం సూర్యుడు దిగగానే చల్లబడి తెల్లవారేసరికి దాదాపు బయటి చలికే వచ్చేస్తుంది. ట్యాంకు నేల మీదో కిటికీ పక్కనో ఉంటే దాన్ని లోపలి గోడ వైపు, నడుమెత్తు బల్ల మీదికి మార్చి మళ్లీ కొలవండి. చాలా ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే సగం పని అయిపోతుంది.

ఇక ఏ కప్పకెంత? క్రాన్‌వెల్ ప్యాక్‌మన్‌ది దక్షిణ అమెరికాలోని గ్రాన్ చాకో ప్రాంతం. దానికి పగలు 25 నుంచి 28, తేమ 60 నుంచి 80 శాతం. పెద్ద కప్పకు రాత్రి 22 ఉన్నా ఇబ్బంది లేదు. రెండంగుళాల్లోపు పిల్లకు మాత్రం 24 తగ్గనివ్వకండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వైట్స్ చెట్టుకప్పకు పగలు 25 నుంచి 29, రాత్రి 20 నుంచి 22, తేమ 50 నుంచి 70 శాతం. ఎప్పుడూ నీళ్లలోనే ఉండే ఆఫ్రికన్ క్లాడ్ కప్పకు 18 నుంచి 24 డిగ్రీల నీళ్లు సరిపోతాయి కాబట్టి ఇక్కడ దానికి హీటరే అక్కర్లేదు. మీ గది కనిష్ఠం 22 దాటి ఉండి, కప్ప పెద్దదైతే హీటరు మాట మరిచిపోయి థర్మాకోల్ షీటు ఒక్కటే కొనండి. 20 మిల్లీమీటర్ల షీటును ట్యాంకు కింద, వెనక, రెండు పక్కలా పెట్టి ముందు అద్దం వదిలేస్తే సరి.

హీటరు కావాల్సినవాళ్లకు నా ఎంపిక హీట్ మ్యాట్, అంటే అద్దానికి అంటించే పలచటి కరెంటు వేడి పట్టీ. 60×30×30 సెంటీమీటర్ల మామూలు రెండడుగుల ట్యాంకుకు, గది 21 దగ్గర ఆగేట్టయితే 15×28 సెంటీమీటర్ల 7 వాట్ల మ్యాట్ చాలు. రేకుల గదిలో 18కి దిగేట్టయితే 28×28 సైజులో 14 వాట్లది తీసుకోండి. చిన్నదాన్ని పక్క అద్దానికి, పెద్దదాన్ని వెనక అద్దానికి ఒక చివరగా బయటివైపు అంటించాలి. రెండో చివర చల్లగానే ఉండాలి. ఎక్కడ ఉండాలో కప్పే చూసుకుంటుంది.

మ్యాట్‌ను ట్యాంకు కింద మాత్రం పెట్టకండి. ప్యాక్‌మన్‌కు వేడెక్కువైతే మట్టిలోకి ఇంకా లోతుగా దిగుతుంది, ఎందుకంటే బయట దాని ఊళ్లో లోతుకు పోయేకొద్దీ చల్లన. కింద మ్యాట్ ఉంటే లోతుకు పోయేకొద్దీ వేడి. పారిపోవడానికి దిగిన కప్ప మంట మీదే కూర్చుంటుంది. పొట్ట మీద, తొడల కింద కాలిన గాయాలు ఇలాగే అవుతాయి, పైనుంచి చూస్తే కనబడవు కూడా. పక్క అద్దానికి పెట్టేటప్పుడు మ్యాట్ సగం మట్టి మట్టానికి కింద, సగం పైన ఉండేలా చూడండి. మ్యాట్‌కూ వెనక థర్మాకోల్‌కూ మధ్య ఒక వేలు మందం ఖాళీ వదలాలి. వేడి అక్కడ చిక్కుకుపోతే మ్యాట్ త్వరగా పాడవుతుంది.

థర్మోస్టాట్ (వేడిని చూసి కరెంటు ఇచ్చే, ఆపే పరికరం) లేకుండా ఏ మ్యాట్‌నూ ప్లగ్‌లో పెట్టకండి, 7 వాట్లదైనా సరే. అద్దాన్ని అంటుకున్న చోట అది 40 డిగ్రీలు దాటగలదు. మన దగ్గర సులువుగా దొరికేది ఎస్‌టీసీ-1000. వైరింగ్ ఇలా: 1, 2 నంబర్లకు కరెంటు; 3, 4కు ప్రోబ్ (వేడిని కొలిచే తీగ); 5, 6 వేడికి; 7, 8 చల్లదనానికి. 5, 6 నుంచి దానంతట అది కరెంటు రాదు, అవి స్విచ్చు లాంటివి. ఫేజును 5లోకి ఇచ్చి 6 నుంచి మ్యాట్‌కు తీసుకెళ్లాలి, న్యూట్రల్ నేరుగా మ్యాట్‌కే. వైరింగ్ అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో డబ్బాలో బిగించుకోండి, లేదా ప్లగ్, సాకెట్ రెండూ ఉన్న రెడీమేడ్ రకం కొనండి. నీళ్లు వాడే చోట తెరిచి ఉన్న టెర్మినళ్లు పెట్టకూడదు. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది.

ప్రోబ్ ఎక్కడ పెడతారన్నదే అసలు కిటుకు. లోపలివైపు, మ్యాట్ ఉన్న చోట అద్దానికి ఆనించి పెట్టండి. థర్మోస్టాట్‌లో ఎఫ్1ను (కావాల్సిన వేడి) 29కి, ఎఫ్2ను (తేడా) 1కి పెడితే అద్దం 28కి దిగగానే మ్యాట్ వెలుగుతుంది, 29కి ఆరిపోతుంది. కప్ప ఆ అద్దానికే ఒరిగి కూర్చున్నా దాని ఒంటికి తగిలేది అంతే. ఆ పక్క మట్టిలో 25, 26 ఉందో లేదో వేరే థర్మామీటరుతో చూడండి. తక్కువుంటే ఒక్కో డిగ్రీ పెంచండి, 31 దాటొద్దు. ప్రోబ్‌ను టేపుతో అంటించకండి. తడికి టేపు ఊడి కప్ప చర్మానికి అతుక్కుంటే తీసేటప్పుడు చర్మం లేచొస్తుంది. సక్షన్ కప్పు వాడండి, లేదా ఫంగస్ మందు కలపని అక్వేరియం సిలికాన్ రెండు బొట్లు వేసి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ప్రోబ్ తెగితే ఎస్‌టీసీ-1000 ‘ఈఈ’ అని చూపించి మోగుతుంది. ప్రోబ్ ఊడి చల్లటి మూలకు పడితే మాత్రం ఏమీ చెప్పదు, మ్యాట్ వెలుగుతూనే ఉంటుంది. ట్యాంకు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ముందు ప్రోబ్ వైపు చూడటం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు తేమ. వేడికీ దీనికీ ఉన్న లింకు తెలియకే చాలామంది తికమక పడతారు. 21 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు దాదాపు 18 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు, 27 డిగ్రీల గాలి దాదాపు 26 గ్రాములు. కృష్ణ పక్కన ఉన్నాం కాబట్టి మన గదిలో పొద్దున 80 శాతం తేమ మామూలే. అదే గాలిని నీళ్లు చేర్చకుండా 27కి వేడి చేస్తే హైగ్రోమీటరు (తేమ కొలిచే మీటరు) 57 చూపిస్తుంది. గాలిలో నీళ్లు తగ్గలేదు, పట్టుకునే శక్తి పెరిగింది. గదిలో బ్లోయర్ హీటరు పెట్టినా, ట్యాంకు మీద వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ బల్బు పెట్టినా కప్ప చర్మం ఎండేది ఇందుకే. పొద్దున అద్దానికి పట్టిన ఆవిరి చూసి తేమ బాగుందనుకోవద్దు. అద్దం చల్లగా ఉందని మాత్రమే దానర్థం.

ప్యాక్‌మన్‌కు తేమ గాలిలో కన్నా మట్టిలో ఉండాలి. కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట, తొడల కింది చర్మంతో పీల్చుకుంటుంది. రెండడుగుల ట్యాంకులో మూడంగుళాల మందానికి 650 గ్రాముల కోకోపీట్ ఇటుకలు రెండు పడతాయి. నర్సరీల్లో అమ్మేదాంట్లో ఉప్పు ఉంటుంది కాబట్టి బకెట్‌లో నానబెట్టి పిండి, నీళ్లు మార్చి, కనీసం మూడుసార్లు చేయండి. ఎరువు కలిపిన రకం అసలు తేవద్దు. గుప్పెట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువ, చుక్క కూడా రాకపోతే పొడి. ఎండుతున్నప్పుడు పైన పిచికారీ చేస్తే పై పొర మాత్రమే తడుస్తుంది. మ్యాట్ ఉన్న వైపు మూలలో గోరువెచ్చని నీళ్లు వంద మిల్లీలీటర్లు మెల్లగా పోయండి, కిందినుంచి పైకి పాకుతాయి. చెట్టుకప్పకైతే సాయంత్రం ఒకసారి ఆకుల మీద పిచికారీ చేసి, మర్నాటి మధ్యాహ్నానికి ఆరనివ్వాలి.

మున్సిపల్ నీళ్లను క్లోరిన్ తీసే మందు వేశాకే వాడండి. ఒక రోజు తెరిచి ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది, క్లోరమిన్ (క్లోరిన్‌లో అమ్మోనియా కలిసిన రకం) పోదు. ఆర్వో నీళ్లు పిచికారీకి మంచివి, అద్దం మీద తెల్ల మరకలు పడవు. కప్ప కూర్చునే గిన్నెలో మాత్రం ఖనిజాలుండే కుళాయి నీళ్లే పోయండి, రోజూ మార్చండి.

జాలీ మూతలో మూడు వంతులు అక్రిలిక్ షీటుతో మూసి ఒక వంతు వదలండి. పూర్తిగా ప్లాస్టిక్ కవరు చుడితే తేమ 95కి పోయి బూజు పడుతుంది. గాలాడని తడిలో, మలంతో కుళ్లిన మట్టిలో ఏరోమోనాస్ బాక్టీరియాకు పండగ. తొడల లోపల, పొట్ట మీద ఎర్రటి చారలు కనిపిస్తే అది రెడ్ లెగ్ అనే జబ్బు కావచ్చు. వెంటనే కప్పను శుభ్రమైన డబ్బాలో తడి టిష్యూ మీదికి మార్చి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ముల్లు తిరిగే హైగ్రోమీటర్లను నమ్మకండి. డిజిటల్‌దాన్నైనా ఒకసారి పరీక్షించండి: సీసా మూతలో ఉప్పు వేసి చెమ్మ తగిలేంత నీళ్లు చల్లి, మీటరుతో పాటు జిప్ కవరులో మూసి రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. 70 చూపిస్తే ఐదు తక్కువ చెబుతోందని దాని మీదే రాసిపెట్టుకోండి.

కప్ప తిండి మానేస్తే ముందు మట్టి వేడి చూడండి. 20 దగ్గర అరుగుదల మందగిస్తుంది, మింగిన పురుగు కడుపులోనే కుళ్లుతుంది. ట్యాంకు 24 దాటని రోజుల్లో తిండి వేయొద్దు. వేసినా పెద్ద ప్యాక్‌మన్‌కు పది రోజులకొకసారి రెండు వానపాములు చాలు. మట్టి ఎండిపోతే అది లోపల కదలకుండా కూర్చుని, రాలిన చర్మాన్ని పొరలు పొరలుగా ఒంటికి చుట్టుకుంటుంది. చూడటానికి చచ్చినట్టే ఉంటుంది. ఆ పొరను గోకి తీయకండి. 25 డిగ్రీల నీళ్లలో, ముక్కు పైకి తేలేంత లోతులో కూర్చోబెడితే కొన్ని గంటల్లో అదే వదిలించుకుంటుంది.

బెజవాడలో చలికాలమంటే దోమల కాలం కూడా. తలుపులన్నీ మూసి రాత్రంతా వెలిగించే దోమల మందుల్లో ట్రాన్స్‌ఫ్లుత్రిన్, ప్రాలెథ్రిన్ లాంటివి ఉంటాయి. చర్మంతోనూ ఊపిరి పీల్చే జీవికి ఆ గది విషమే. కప్ప ఉన్న గదిలో కాయిల్, లిక్విడ్, అగరుబత్తి రకం ఏదీ వద్దు, మీకు దోమతెర కట్టుకోండి. సాంబ్రాణి పొగకూ ఇదే మాట. భోగి పొద్దున వీధివైపు కిటికీలు మూసేయండి. మిరపకాయలు వేయించే వంటింటికి ట్యాంకును దూరంగా ఉంచండి. పొలం కప్పను తెచ్చి తోడుగా వేయడం కూడా తగదు. దాని ఒంటి మీద కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ ఉండొచ్చు. అది 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, మన చలికాలం సరిగ్గా అదే.

కరెంటు పోతే కంగారు అక్కర్లేదు. 14 వాట్లు ఇన్వర్టరుకు లెక్కే కాదు. ఇన్వర్టరు లేకపోతే లీటరు సీసాలో 45 డిగ్రీల నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, బయట పక్క అద్దానికి ఆనించి దుప్పటి కప్పండి. గాలికి ఒక అంచు వదలాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఫిబ్రవరి నెలాఖరుకు మ్యాట్ తీసేయొచ్చు. థర్మోస్టాట్‌ను మాత్రం ఉంచండి. ప్రోబ్‌ను అద్దం నుంచి తీసి గాలిలో వేలాడదీసి, 7, 8 టెర్మినళ్ల మీదుగా 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను అడాప్టరుకు ఫేజు ఇచ్చి, ఎఫ్1ను 28కి మార్చితే 29కి ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను తిరిగేకొద్దీ మట్టి త్వరగా ఎండుతుంది కాబట్టి, మార్చి నుంచి గుప్పెట పరీక్ష రోజూ చేయాలి.