పంట మాది, పేరు ఆయనది

బెండ ఆఖరి కోత నిన్నటితో అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

విశాఖకి గంట దూరంలో ఎకరంబావు కౌలుకి తీసుకుని నేనూ మా ఆయనా మందులు వాడకుండా బెండ, వంగ, ఆనప, గోంగూర వేశాం. సాగులో పెద్ద కష్టమేమీ లేదు. 200 లీటర్ల డ్రమ్ము నీళ్లలో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు నీడన ఉంచితే జీవామృతం. వంగలో పురుగు తొలిచిన కొమ్మలు తుంచి కాల్చేశాం. బెండకి పల్లాకు తెగులు తెచ్చేది తెల్లదోమ కాబట్టి జిగురు పూసిన పసుపు అట్టలు కట్టాం, గట్ల వెంట జొన్న వేశాం. మందు కొట్టిన పక్క చేను మాకన్నా ముందే పసుపు తిరిగింది. ఈ మాట నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు!

అసలు కష్టం కాగితాల దగ్గర. రైతు బజారులో అమ్మాలంటే కార్డు, దానికి పంట మనదేనన్న రుజువు, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ఎక్కించుకునే ఆన్‌లైన్ పట్టీ ఈ-క్రాప్‌లో మన పేరు ఉండాలన్నారు. కౌలు రైతు పేరు అందులోకి ఎక్కాలంటే సీసీఆర్‌సీ, అంటే పంట సాగుదారు హక్కు కార్డు కావాలన్నారు, ఆ కార్డుకి భూమి యజమాని సంతకం. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలే చెల్లుతుంది, హక్కు పంట మీదే తప్ప భూమి మీద రాదు.

యజమాని సిటీలో ఉంటారు. మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి, "చూడమ్మా, ఇవాళ సంతకం అంటారు, రేపు భూమే మాదంటారు. మీలాంటివాళ్లని చాలామందిని చూశాను" అన్నారు. మా ఆయన చట్టం జిరాక్స్ చూపించబోతే "నాకే చదువు చెబుతున్నావా?" అని గదిమారు. మేం పట్టుకెళ్లిన ఆనపకాయలు మాత్రం లోపలికి వెళ్లాయి.

కార్డు కోసం వెళ్లిన ఆఫీసులో ఇంకా ఘోరం. సంతకం లేదనేసరికి అక్కడి కుర్రాడు అందరి ముందూ "భూమి లేనివాళ్లకి రైతు బజారెందుకమ్మా, రోడ్డు మీద పెట్టుకోండి" అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. నా చేతిగోళ్లలో అప్పటికి ఇంకా మట్టి ఉంది. ఆ తర్వాత తెలిసింది, ఈ-క్రాప్‌లో మా పంట యజమాని పేరున ఎక్కిందని. తుఫానుకి పంట పోయుంటే పరిహారం కూడా ఆయన ఖాతాకే. దుక్కి దున్నినవాడు కాదు, భూమి పాస్‌బుక్కు ఉన్నవాడే రైతు మన దేశంలో.

చివరికి సీతమ్మధారలో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆదివారాలు అమ్ముకున్నాం. పుచ్చుంటే పారేయమంటారు, లేకపోతే మందు కొట్టారంటారు. ఒకావిడ సర్టిఫికెట్ అడిగింది. రైతులే ఒకరి చేను ఒకరు చూసి పూచీపడే పీజీఎస్ పద్ధతి ఉంది గానీ, దానికి కనీసం అయిదుగురు గుంపు కట్టాలి. మా ఊళ్లో మాతో కలిపి ముగ్గురమే.

కౌలుకి వెళ్లేవాళ్లూ, బోరులో నీళ్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు సంతకం చేయించుకోండి. యజమాని ఎంత మంచివాడని ఊరంతా చెప్పినా సరే.

నిన్న సాయంత్రం ఆయనే ఫోన్ చేసి వచ్చే కాపు కూడా మీరే చేస్తారా అని అడిగారు. "సంతకం పెడతారా అండీ?" అన్నాను. "మళ్లీ అదే పాటా!" అని పెట్టేశారు. మేం అప్పటికే ఊళ్లో ఒక పెద్దావిడ చెక్క మాట్లాడుకున్నాం. ఆవిడ కాగితం మీద వేలిముద్ర వేశాకే అడ్వాన్స్ ఇచ్చాం.