కొట్టివేసిన పద్దు

మా కాలేజీ పాత విద్యార్థుల సంచికకి రెండు పేజీలు రాయమని ఫోన్ చేసిన మిత్రుడు, "తీపి గుర్తులు రాయరా, లెక్కలు రాయకు" అన్నాడు. నాకు గుర్తున్నవి చాలావరకు లెక్కలే. క్యాంటీన్ సమోసా గురించి, కల్చరల్స్‌లో తెగిన మైకు వైరు గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు.

మాది 2002–05 బి.కాం. కంప్యూటర్స్ బ్యాచ్. అప్పట్లో గుంటూరులో ఇంటర్ పాసైన కుర్రాడు ఇంజినీరింగ్‌లో చేరకపోతే, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు పలకరించేవాళ్లు. మా మేనమామ మాత్రం ధైర్యం చెప్పాడు. "ఉత్త బి.కాం. అంటే గుమాస్తా. బి.కాం. కంప్యూటర్స్ అంటే ఏసీలో కూర్చునే గుమాస్తా." మా నాన్న అప్పటికి పద్దెనిమిదేళ్లుగా మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. ఆ మాటకి ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మర్నాడు ఫీజు డబ్బులు జేబులో పెట్టుకుని నాతో కాలేజీకి వచ్చాడు. చాపెల్ మెట్ల దగ్గర చెప్పులు విప్పి, లోపలికి తొంగిచూసి, మళ్లీ తొడుక్కుని ఆఫీసు గదికి నడిచాడు.

మొదటి రోజు ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసంలో నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ 1842 జులై 31న గుంటూరు చేరాడని, మన ఊళ్లో ఇలాంటి బళ్లకీ కాలేజీలకీ అక్కడే మొదలని చెప్పారు. జులై 31 మా చెల్లెలి పుట్టినరోజు. అందుకే గుర్తుంది, చరిత్ర మీద ప్రేమతో కాదు.

కంప్యూటర్ ల్యాబ్ సంగతి మన బ్యాచ్‌వాళ్లకి చెప్పక్కర్లేదు. బయట చెప్పుల గుట్ట, లోపల చలి. ఒక్కో కంప్యూటర్‌కి ఇద్దరం. కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటుంటే అందరం ఒకేసారి ఫ్లాపీల కోసం తడుముకునేవాళ్లం. మార్చి నెలలో మిర్చి ఘాటు ఏటుకూరు రోడ్డు దాటి ఊళ్లోకి వచ్చేది. కిటికీలు మూసి ఉన్నా ఎవరో ఒకరు తుమ్మేవారు. నాకు తుమ్ము వచ్చేది కాదు, ఆ ఘాటు నాన్న చొక్కాతో రోజూ ఇంటికొచ్చేదే.

అకౌంట్స్ సార్ మొదటి క్లాసులోనే అడిగారు: "మీ ఇళ్లల్లో లెక్కలు రాసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" ఇద్దరు చేతులెత్తారు. ఒకడి తండ్రి ఆడిటరు, ఇంకొకామె తండ్రి బ్యాంకు మేనేజరు. నేను ఎత్తలేదు. గుమాస్తా కొడుకునని చెప్పుకోవడం నాకు అప్పట్లో నామోషీ. ఈ వ్యాసంలో ఒప్పుకోవాల్సిన సంగతుల్లో ఇది మొదటిది.

ఆ సార్ తన చర్చి సంఘంలో కోశాధికారి కూడా. బైబిలునీ అకౌంట్సునీ ఆయన వేర్వేరు పీరియడ్లలో చెప్పలేకపోయేవారు. ప్రతి పద్దునీ రెండు వైపులా రాసే జంట పద్దుల విధానాన్ని మొట్టమొదట అచ్చులో వివరించింది లూకా పాచియోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అని, ఆ పుస్తకం 1494లో వెనిస్‌లో అచ్చయిందని ఆయన చెప్తుంటే, డెబిట్ క్రెడిట్‌లు మఠంలోంచి వచ్చాయా అని మేం నోళ్లు తెరిచాం. "మఠంలోంచి కాదు, వెనిస్ వర్తకులు అంతకుముందే రాస్తున్నారు. ఈయన చూసి రాశాడు" అని ఆయనే సరిదిద్దారు. మొదటి పుస్తకాల మీద సిలువ గుర్తు వెయ్యమని పాచియోలీ చెప్పాడట. మా నాన్న ప్రతి చిట్టా మొదటి పేజీ మీద 'శ్రీ' రాస్తాడని నాకు తట్టింది. యార్డులో పాత కాటావాళ్లు ఒకటి అనకుండా 'లాభం' అని లెక్క మొదలుపెట్టడం కూడా తట్టింది. చెయ్యి మాత్రం అప్పుడూ లేవలేదు.

ఇంకోరోజు సువార్తలోని గృహనిర్వాహకుడి కథ చెప్పారు. ఉద్యోగం ఊడబోతోందని తెలిసి, యజమానికి బాకీ ఉన్నవాళ్లని పిలిచి, నూరు ఉన్న పత్రంలో యాభై అని, ఇంకొకడి పత్రంలో ఎనభై అని రాయించినవాడి కథ. చివరికి యజమాని వాణ్ని తెలివైనవాడని మెచ్చుకుంటాడు. క్లాసంతా గొల్లుమంది. "పాస్టరు గారు దీనికి ఏ అర్థమైనా చెప్పనివ్వండి. కామర్సువాళ్లుగా మీకో ప్రశ్న. పత్రం మారిందని యజమానికి ఎలా తెలిసింది?" అన్నారు సార్. ఎవరం చెప్పలేదు. పాత అంకె కనపడకపోతే మోసం కూడా కనపడదు అనేదాకా లాక్కొచ్చి, ఆ రోజు పాఠం అక్కడ మొదలుపెట్టారు.

అప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఒక ఆదివారం నాన్న ఇంటి దగ్గర పద్దులు ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని నేనొక అంకె తప్పు వేశాను. సిరా ఆరాక బ్లేడుతో సున్నితంగా గీకి, తెలీకుండా సరిచేశాననుకున్నాను. నాన్న కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూశాడు. నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. "తప్పయితే గీత కొట్టి పక్కన రాయి. గీకితే దొంగ లెక్క అంటారు" అన్నాడు.

మొత్తానికి రెండో ఏడాది చివర, స్టాఫ్ రూమ్ బయట, సార్‌కి ఒక్కడికే చెప్పాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. మీ నాన్నగారి ఆవర్జా, అదే లెక్కల పుస్తకం, ఒకటి తీసుకురా, క్లాసులో చూపిద్దాం అన్నారు. ఇంటికెళ్లి అడిగితే నాన్న ఠక్కున, "కొట్టు లెక్కలు గడప దాటకూడదు" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. రాత్రి భోజనాలయ్యాక ఆయనే పొడుగాటి కాగితం ఒకటి తీసి, స్కేలుతో గీతలు గీసి, రామయ్య, సోమయ్య లాంటి ఉత్తుత్తి పేర్లతో ఒక రోజు చిట్టా మొత్తం రాశాడు. జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు, అడుగున రోకడ, అంటే నగదు నిల్వ. మధ్యలో ఒక పద్దు కావాలని తప్పు రాసి, గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి పొడి సంతకం పెట్టాడు. అదెందుకంటే, "అది లేకపోతే నిజం పుస్తకంలా ఉండదు" అన్నాడు.

ఆ కాగితం సార్ బోర్డుకి అతికించారు. వారం ఉంది.

ఇక నా ఘనకార్యం. మూడో ఏడాది ప్రాజెక్టుకి నాన్న కొట్టుకే ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాం రాశాను. రైతు పేరు, ఊరు, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకం, ధర కొడితే కమీషన్, హమాలీ, కాటా కూలీ పోను రైతుకి ఎంతో లెక్కకట్టి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, ప్రింటయ్యేది. షావుకారు ముచ్చటపడి రంగుల టీవీ కొన్నంత సంబరంగా అందరికీ చూపించాడు. నాన్న కూడా చూశాడు. చూసి, యథాప్రకారం చిట్టా తెరిచి రాసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకే పని రెండుసార్లు ఎందుకని అడిగితే, "ఉండనీరా, నాకు చేతి దురద" అన్నాడు.

ఫాక్స్‌ప్రోలో డిలీట్ అని కొడితే రికార్డు నిజంగా పోదు. దానికో గుర్తు పడుతుందంతే. లిస్టు తీస్తే పక్కన నక్షత్రం గుర్తు కనపడుతుంది. రీకాల్ అంటే తిరిగొస్తుంది. ప్యాక్ అని కొట్టినప్పుడే శాశ్వతంగా పోతుంది. ల్యాబ్‌లో ఇది నేర్పినప్పుడు సార్ డిలీట్‌ని కొట్టివేత అని, ప్యాక్‌ని చింపివేత అని తెలుగు చేశారు. నేను తెలివిమీరి, ప్రోగ్రాం మూసేటప్పుడల్లా ప్యాక్ దానంతటదే నడిచేలా పెట్టాను. ఫైలు శుభ్రంగా ఉంటుంది కదా అని.

ఫిబ్రవరిలో యార్డు కిటకిటలాడుతుంటే ఫిరంగిపురం వైపు రైతు ఒకాయన తక్‌పట్టీ పట్టుకుని వచ్చాడు. మూడు టిక్కీలు తక్కువ పడ్డాయన్నాడు. కంప్యూటర్‌లో చూస్తే ఆయన రెండో లాటు అసలు లేనే లేదు. అంతకు పది రోజుల ముందు ఒకే లాటు రెండుసార్లు పడిందనుకుని తీసేసింది నేనే. రీకాల్ కొట్టాను. ఏముంటుంది? ఆ రాత్రే ప్యాక్ అయిపోయింది. అప్పట్లో మూడు టిక్కీలంటే నూట ఇరవై కిలోల పైమాట. ఆయన గొడవ చెయ్యలేదు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని అక్కడే బస్తా మీద కూర్చున్నాడు. నాన్న లేచి చిట్టా తీసి, వేలితో కిందికి జరుపుకుంటూ వచ్చి, ఒక చోట ఆగాడు. పేరు, లాటు, మూడు టిక్కీలు, తూకం. డబ్బులు అప్పటికప్పుడు ఇప్పించాడు. రైతు వెళ్లిపోయాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేది.

ఈ కథంతా ప్రాజెక్టు రిపోర్టులో రాయమన్నారు సార్. మార్కులు తగ్గుతాయని నేను గింజుకున్నాను. "ప్యాక్ తీసెయ్. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, పాత అంకెంత, ఇంకో ఫైల్లో రాయించు. తర్వాత మాట్లాడదాం" అన్నారు. పదిహేను రోజులు కూర్చుని రాశాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా బయటినుంచి వచ్చినాయన ఆ ఫైలు చూసి ఇదెందుకు, డిస్కు వేస్టు కదా అన్నాడు. సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నారు.

అదే రోజుల్లో ఒక ఆదివారం పని ఉందని సార్ నన్ను వాళ్ల చర్చికి రమ్మన్నారు. ఆరాధన అయ్యాక వెనక చిన్న గదిలో కానుక సంచులు బల్ల మీద బోర్లించారు. ఇద్దరు పెద్దలు విడివిడిగా లెక్కపెట్టాలి. రెండు అంకెలూ కలిస్తేనే మూడో ఆయన పుస్తకంలో ఎక్కిస్తాడు. రాసేవాడు డబ్బు ముట్టడు, ముట్టినవాడు రాయడు. చివర ముగ్గురివీ సంతకాలు. రూపాయి బిళ్లలు పది పది దొంతర్లుగా పేర్చిన ఆ బల్ల నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. ఆ బిళ్లలకి కూడా కాస్త మిర్చి ఘాటుండేదంటే మీరు నవ్వుకోండి. ఇంటర్నల్ కంట్రోల్ మీద ఆ తర్వాత పెద్ద పెద్ద ట్రైనింగులు చూశాను. వాటిలో మధ్యాహ్నం భోజనం బావుండేది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. మా పరీక్షలు నడుస్తుండగానే 2005 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలో వ్యాట్ అనే కొత్త అమ్మకం పన్ను వచ్చింది. టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాడికి గుంటూరు బ్రాడీపేటలో గిరాకీ పెరిగింది. ఒక ఆడిట్ ఆఫీసులో రెండేళ్లు చేసి హైదరాబాద్ వెళ్లి, పెద్ద కంపెనీలు లెక్కలకి వాడే శాప్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. అందులో ఒకసారి పోస్ట్ చేసిన డాక్యుమెంటుని చెరపడం కుదరదు, రివర్స్ ఎంట్రీ వెయ్యాల్సిందే. ఆ మాట విని నేను క్లాసులో గట్టిగా నవ్వితే ట్రైనర్ కంగారుపడ్డాడు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కంపెనీ చైర్మన్ లేఖ బయటపడింది. పుస్తకాల్లో ఉన్న 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేనే లేవని అందులో ఉంది. ఆఫీసులో అందరూ టీవీ ముందు నిలబడిపోతే, నేను బయటికొచ్చి సార్‌కి ఫోన్ చేశాను. "గృహనిర్వాహకుడు" అన్నారాయన, అంతే.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదవ్వాలని, ఆ సౌకర్యాన్ని ఆపెయ్యడానికి వీల్లేకుండా ఉండాలని రూలు అమల్లోకి వచ్చింది. ఎడిట్ లాగ్ అంటున్నారు. కొత్త విషయంలా సర్క్యులర్లు, వెబినార్లు. మా ఎక్స్‌టర్నల్ గారు ఎక్కడున్నారో గానీ, ఆయనకి ఇప్పుడు డిస్కు బాగానే సరిపోతూ ఉండాలి.

ఆ సర్క్యులర్ వచ్చేనాటికి నాన్న లేడు. ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు, "దీనిక్కూడా రూలు కావాలా?" అనేవాడు.

మొన్న డిసెంబర్‌లో గుంటూరు వచ్చినప్పుడు సార్‌ని చూద్దామని చర్చికే వెళ్లాను. కానుక పెట్టె మీద ఇప్పుడు క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. వెనక గది అదే, బల్ల అదే. ఫోన్లో పడిన డబ్బుల లిస్టు ఒకాయన చదువుతుంటే ఇంకొకాయన టిక్కులు పెడుతున్నాడు. లెక్కపెట్టే రెండో పెద్దకి జ్వరమట, రాలేదు. సార్ కళ్లజోడు సర్దుకుని, "ఏవయ్యా, ఖాళీగా ఎందుకు, కూర్చో" అని ఒక దొంతర నా వైపు తోశారు. మా సంఘం కాదు కదండీ అంటే, లెక్కకి సంఘం ఏంటన్నారు. కూర్చున్నాను. ఏడు వందల నలభై అని రాశాను. సార్‌కి ఏడు వందల యాభై వచ్చింది. మళ్లీ లెక్కపెడితే ఆయనదే కరెక్టు, రెండు ఐదు రూపాయల బిళ్లలు పుస్తకం అంచు కింద దాక్కున్నాయి.

నలభై మీద గీత కొట్టి, పక్కన యాభై అని రాసి, పొడి సంతకం పెట్టాను.