పెరూ మంచుకొండల్లో మంచు ఎప్పుడు కరుగుతుంది?

పెరూలోని కార్డిల్లెరా బ్లాంకా పర్వతశ్రేణిలో హువాస్కరాన్ శిఖరం ఎత్తు 6,768 మీటర్లు. కానీ ఈ శ్రేణి ఉన్నది భూమధ్యరేఖకు దక్షిణాన 8–10 డిగ్రీల మధ్యే. చలికాలంలో మంచు పేరుకుంటుంది, ఎండాకాలంలో కరుగుతుంది అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. నెలల మధ్య కంటే పగటికీ రాత్రికీ మధ్యే ఉష్ణోగ్రత తేడా ఎక్కువ. హిమానీనదం కింది కొస ఏడాది పొడవునా కరుగుతూనే ఉంటుంది. కొత్త మంచు ముఖ్యంగా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, వానాకాలంలో పడుతుంది. ఎక్కువగా కరిగేదీ అప్పుడే!

దీనికి కారణం గాలిలో తేమ. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మంచులో కొంత భాగం నీరు కాకుండానే ఆవిరైపోతుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు చాలు. నేరుగా ఆవిరి కావాలంటే సుమారు 2,830 కావాలి. అంటే ఒక్క కిలోను ఆవిరి చేసిన వేడి ఎనిమిదిన్నర కిలోలను కరిగించగలదు. అందుకే ఎండ మండిపోతున్నా తరుగు తక్కువ. మబ్బు పట్టి గాలిలో చెమ్మ పెరిగిందా, ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది. వచ్చిన వేడంతా కరిగించడానికే పోతుంది.

వానాకాలంలో కాపాడేది తాజా మంచే. మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. దుమ్ము పట్టిన పాత గడ్డకు అందులో సగం శక్తి కూడా ఉండదు. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే వాన మంచుగా మారే ఎత్తు సుమారు 150 మీటర్లు పైకి జరుగుతుంది, హిమానీనదం కొస మీద మంచుకు బదులు నీళ్లు పడతాయి. నా దృష్టిలో అసలు దెబ్బ ఇదే.

కరిగిన నీరు మొరైన్ గట్ల (హిమానీనదం తోసి పోసిన రాళ్లు, మట్టి) వెనక సరస్సులుగా నిలుస్తుంది. 1941 డిసెంబరు 13న పల్కకోచా సరస్సు గట్టు తెగి, కింద హువారస్ పట్టణంలో పెద్ద భాగం కొట్టుకుపోయింది. తర్వాత గట్టును కట్టుదిట్టం చేశారు, 2011 నుంచి సైఫన్ గొట్టాలతో (నీటిని గట్టు మీదుగా ఎక్కించి అవతల కిందికి దింపే వంపు గొట్టాలు) నీటిమట్టం తగ్గిస్తున్నారు.

సైఫన్‌కు కరెంటు అక్కర్లేదు, గాలి పీడనమే నీటిని గొట్టంలో పైకి తోస్తుంది గానీ ఎత్తు దాని బలం తగ్గిస్తుంది. సముద్రమట్టం దగ్గర లెక్క ప్రకారం 10 మీటర్ల గట్టు దాటించగలదు. 4,560 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో 57 శాతమే, కాబట్టి హద్దు 6 మీటర్ల లోపే. ఆచరణలో ఇంకా తక్కువ. పైగా సరస్సు మట్టం దిగేకొద్దీ నీటిని ఎత్తాల్సిన దూరం పెరుగుతుంది. జాయింటులో సన్నని సందు ఉన్నా పైవంపులో గాలి చేరి ధార తెగుతుంది. అప్పుడు రెండు కొసల వాల్వులూ మూసి, పైవంపు దగ్గర గాలంతా పోయేదాకా నీళ్లు నింపి, అక్కడ బిగించాకే వాల్వులు తెరవాలి.

ఇంతా చేసి నీరు తీసేది సరస్సును ఖాళీ చేయడానికి కాదు, అల లేస్తే పట్టేందుకు గట్టు అంచుకూ నీటికీ మధ్య జాగా ఉంచడానికి. 2003 మార్చిలో పక్క మొరైన్ నుంచి మట్టి జారి సరస్సులో పడితే లేచిన అల ఆ గట్టు మీదుగానే దాటిపోయింది.